కవిగారి దయకు దొరికినవాళ్ళు

కవిగారు వీధిలోకి వస్తున్నారంటే జనం ఒళ్ళు దగ్గర పెట్టుకునేవారు. చేతుల్లో బరువైన సంచులున్నవాళ్ళు వాటిలో దూది ఉన్నట్టు తేలిగ్గా నడిచేవారు. దగ్గు వస్తున్నవాళ్ళు గొంతులోనే అణుచుకునేవారు. చెప్పు తెగినవాళ్ళు అది తెగలేదన్నట్టు వేళ్ళతో బిగబట్టి ఈడ్చుకుపోయేవారు. ఆయన చెడ్డవాడని కాదు. దీపం పెట్టి వెతికినా అంత మంచి మనిషి దొరకడు. ఆ మంచితనం వచ్చి ఎక్కడ తమ నెత్తిన పడుతుందోనని వాళ్ళ భయం.

ఆయన వృత్తి కళ్ళజోళ్ళ దుకాణం, వ్యసనం పాటలు. చర్చిలో సండేస్కూల్ పిల్లల కోసం ఏటా ఒక కొత్త పాట రాస్తారు. విశ్వాసం మీద రాసేవాళ్ళు ఉన్నారు, నిరీక్షణ మీద రాసేవాళ్ళు ఉన్నారు, గొర్రెపిల్లల మీద రాసేవాళ్ళయితే కోకొల్లలు. ఈయన మాత్రం దయ ఒక్కదాన్నే పట్టుకుని ఇన్నేళ్ళుగా వదల్లేదు. అందుకని ఎదుట కవిగారూ అని పిలిచేవాళ్ళే పక్కకు తిరిగి దయగారు అనుకునేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోయేవారు కూడా.

ఆయనకొక నియమం ఉంది. తాను చెయ్యని మంచిపని గురించి పిల్లలకు పాట రాయకూడదు. "చెయ్యకుండా రాస్తే అది పాట కాదు, పెత్తనం" అనేవారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఏటా చర్చిలో ఆ పాట పాడించే పిల్లల ఆదివారం దగ్గరపడేసరికి ఆయన ఒక మంచిపని చేసి తీరాలి. మంచిపని చెయ్యడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి తరవాత పాటలో తేలాలి. పేరు రాయరు, ఆ మర్యాద పాటిస్తారు. పేరు తప్ప మిగతావన్నీ రాస్తారు.

మూడో అంతస్తులో ఉండే పెద్దావిడ సంగతే తీసుకోండి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆవిడ పేరు చెబితే బడి గోడలు కూడా నిటారుగా నిలబడేవి, అంతటి హెడ్మిస్ట్రెస్. ఒకరోజు మెట్లెక్కుతుంటే సంచీ అడుగు ఊడిపోయింది. కవిగారు పరుగెత్తుకెళ్ళి ఏరిపెట్టారు. ఆ ఏడాది పిల్లలు చర్చిలో వరసగా నిలబడి, మైకుముందు చేతులు తిప్పుతూ పాడారు:

మెట్ల మీద ఉల్లిపాయలు దొర్లిపోయెనే
చిట్టి చేతులు వంగి వాటిని ఏరి తెచ్చెనే
ఏరి తెచ్చి ఇవ్వగానే యేసు మురిసెనే
మామ్మ సంచీ నిండెనే, మా మనసు నిండెనే

అప్పటినుంచి ఆవిడ ఉల్లిపాయల మామ్మ అయిపోయింది. మందుల షాపాయనకు ఒకసారి ఎక్కిళ్ళు పట్టుకుంటే కవిగారు గ్లాసెడు నీళ్ళిచ్చారు. ఆ పాటకు పల్లవిలో ఎక్కిళ్ళు కూడా పెట్టారు. పిల్లలకు ఆ పాటంటే ప్రాణం. ఆయన షాపు ముందునుంచి వెళ్ళే ఏ పిల్లా ఎక్కిలి పెట్టకుండా వెళ్ళదు. వానలో తడుస్తూ నిలబడి కవిగారి చేత గొడుగు పట్టించుకున్న బస్సు డ్రైవరు, బతిమాలుకుని వేరే రూటుకు మారిపోయాడు.

ఈ పాటలన్నిటికీ బాణీలు కట్టేది ఆయన చెల్లెలి మొగుడు. పగలు దర్జీ, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒకే బెంచీ మీద తన్నులూ తిన్నారు. తరవాత చుట్టరికం కలిసి బావా అంటే బావా అనుకుంటున్నారు. కవిగారు మాటలు రాసి ఇస్తే, దర్జీ బావ మిషను తొక్కుతూనే బాణీ కట్టేసేవాడు. పాట ఎక్కడైనా వదులుగా ఉంటే ఇక్కడ టక్కు వెయ్యాలనేవాడు. బిగువుగా ఉంటే కొంచెం విప్పమనేవాడు.

ఈ ఏడాది పిల్లల పాటల పుస్తకాన్ని కొత్తగా అచ్చు వేస్తున్నారు. సండేస్కూల్ టీచరమ్మ పనిగట్టుకుని దుకాణానికి వచ్చి, "చివరి పేజీ మీ కొత్త పాటకే ఉంచానండి కవిగారూ. పిల్లల ఆదివారం పాడించేసి, సోమవారం ప్రెస్సుకు పంపించేస్తాం" అని చెప్పి వెళ్ళింది.

చివరి పేజీ అంటే మాటలు కాదు. ప్రతి ఆదివారం బడి అయిపోయాక పిల్లలందరూ లేచి నిలబడి పాడేది ఆ పేజీలో పాటే. మిగతా పాటలు మరిచిపోయి పెద్దవాళ్ళయినా ఆ పాట మాత్రం గుర్తుంటుంది. కవిగారికి ఆ పేజీ మీద ఎప్పటినుంచో కన్నుంది. ఆ రోజంతా ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు.

"అయితే ఈ ఏడు ఎవరండీ పాపం?" అంది భార్య, కళ్ళజోళ్ళ ఫ్రేములు తుడుస్తూ.

"పాపమేమిటే? సాయం పొందేవాడు అదృష్టవంతుడు."

"అదృష్టవంతులందరూ మిమ్మల్ని చూసి రోడ్డు దాటేస్తున్నారు మరి."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. మర్నాడే గొడుగు, ఒక నీళ్ళ సీసా, జేబులో దూదీ కట్టుగుడ్డా పెట్టుకుని బయలుదేరారు. ముందుగా కనబడింది ఉల్లిపాయల మామ్మే. రెండు చేతులా సంచులు, ముఖమంతా చెమట. ఆయన్ని చూడగానే ఆవిడ మెట్ల దగ్గర ఆగిపోయి, సంచులు వెనక్కి దాచుకుని, "బరువేం లేదు నాయనా, నువ్వు వెళ్ళు" అంది రొప్పుతూనే. బస్టాపులో తూలుతున్న ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే, ఆయన ఒక్క గెంతులో వచ్చిన బస్సెక్కేశాడు, అది తన బస్సో కాదో కూడా చూసుకోకుండా. మందుల షాపాయన దూరంనుంచే రెండు చేతులూ జోడించి, "కులాసాగా ఉన్నానండీ, ఏ రోగమూ లేదు" అన్నాడు. ఊరంతా ఒక్కసారిగా ఇంత ఆరోగ్యంగా, ఇంత సుఖంగా ఎలా అయిపోయిందో కవిగారికి బోధపడలేదు. జనానికి సాయం పుచ్చుకోవడం కూడా చేతకావట్లేదని ఇంటికొచ్చి భార్యతో వాపోయారు. ఆవిడ నవ్వాపుకోవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇలా రోజులు దొర్లిపోతుండగా, ఒక మధ్యాహ్నం దుకాణంలో బేరాలు లేని వేళ చెల్లెలు వచ్చింది. వచ్చి కూర్చోలేదు. అద్దాల బల్ల మీదున్న కళ్ళజోళ్ళు ఒక్కొక్కటే తీసి, చూసి, పెట్టేస్తోంది.

"ఎవరికమ్మా?" అన్నారు కవిగారు.

"ఎవరికీ కాదన్నయ్యా, ఊరికే."

"ఊరికే చూసేవాళ్ళు ఫ్రేములు చూస్తారు. నువ్వు పవర్లు చూస్తున్నావు."

అంతే, ఆవిడ కళ్ళు నిండిపోయాయి. స్టూలు మీద కూలబడి, "మీ బావకి చూపు ఆనడం లేదన్నయ్యా" అంది.

మొదలుపెట్టాక ఆవిడ ఇంక దాచుకోలేదు. కొన్ని నెలలుగా కాలర్లు వంకరపోతున్నాయి. యూనిఫాం చొక్కాలకు కాజా ఒకచోట పడితే బొత్తాం ఒకచోట పడుతోంది. ఆయన భోజనానికి లేచి వెళ్ళగానే ఆవిడ కూర్చుని అవన్నీ విప్పి మళ్ళీ కుడుతోంది. సూదులన్నిటికీ దారాలెక్కించి వరసగా గుచ్చి పెడుతోంది. "నేను చేస్తున్నానని ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట మాత్రం ఎత్తుకోం" అంది.

"నా దగ్గరికి రాకుండా ఏం చేస్తున్నాడు మరి?"

"బస్టాండులో అమ్ముతారే, ఆ కళ్ళజోళ్ళు కొనుక్కున్నాడు. రెండు. ఒకదాని మీద ఒకటి పెట్టుకుని చూస్తున్నాడు."

కవిగారికి గుండెలో కలుక్కుమంది. కళ్ళజోళ్ళ దుకాణం బావమరిదిని ఎదురుగా పెట్టుకుని బస్టాండుకు పోయాడన్నమాట. "అంత పరాయివాణ్ణయిపోయానా నేను?" అన్నారు.

చెల్లెలు పమిటంచు నలిపింది. తరవాత, "నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడన్నయ్యా" అంది. "మీ అన్నయ్యకి తెలిస్తే నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు, కాదనను. ఆ వచ్చే ఆదివారం పిల్లలు నన్ను పాడేస్తారు. కళ్ళు కనబడని దర్జీకి బట్ట ఎవరిస్తారే అన్నాడు."

"నేనెవరి పేరూ రాయనుగా."

"ఈ ఊళ్ళో కీబోర్డు వాయించే దర్జీలు ఎంతమంది ఉన్నారు?"

జవాబు లేనప్పుడు మనిషికి కోపం రావడం సహజం. ఆయనకూ వచ్చింది. ఇన్నేళ్ళూ తాను చేసినదంతా ఇదేనా, ఒక్కరికీ విశ్వాసం లేదా, సొంత చెల్లెలితో సహా అందరూ తనను చూసి పారిపోయేవాళ్ళేనా అని గొంతు పెంచారు. ఆవిడ పెంచలేదు.

"నేనూ నీ పాటల్లో ఉన్నానన్నయ్యా" అంది. "మొట్టమొదటి పాటే నా మీద రాశావు. చిరుగు గౌను చెల్లి."

"ఆ పాటంటే నీకు ఎంతో ఇష్టం కదా?"

"నువ్వు రాశావని ఇష్టం. బళ్ళో నా పేరు అదే అయిపోయింది, ఆ సంగతి నీకు చెప్పలేదు. ఇప్పటికీ పిల్లలు ఆ పాట ఎత్తుకోగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది, చిరుగు మూసుకోవడానికి. ఇద్దరు పిల్లల తల్లిని, చీర కట్టుకుని ఉంటాను, అయినా పోతుంది."

ఆ రోజు ఆయనకు బాగా గుర్తుంది. బడినుంచి వస్తుంటే గౌను వెనక చిరిగిందని చెల్లి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ఆయన తన స్వెట్టరు విప్పి దాని నడుముకు కట్టి, ఎవరికీ కనబడకుండా ఇంటికి నడిపించుకొచ్చారు. ఎవరికీ కనబడకుండా కప్పిన ఆ చిరుగునే తరవాత ఇన్నేళ్ళూ, ఇంతమంది పిల్లల చేత, మైకులో అందరికీ చూపించారు. ఆయనకు సిగ్గేసింది. చెల్లెలి ముఖం చూడలేక కళ్ళజోళ్ళ మీద దుమ్ము దులపడం మొదలుపెట్టారు.

"రాయను" అన్నారు దులుపుతూనే. "బావ మీద రాయను."

"ఒట్టేం వద్దులే. రాయకు, అంతే" అని ఆవిడ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన ఒక ప్యాంటు బట్ట చంకన పెట్టుకుని దర్జీ షాపుకెళ్ళారు. బావ ఆయన్ని చూడలేదు, చెప్పుల చప్పుడు విని గుర్తుపట్టాడు. గబగబా ముక్కు మీది కళ్ళజోళ్ళు రెండూ తీసి సొరుగులో పడేశాడు. మెళ్ళో టేపు తీసి కవిగారి నడుముకు చుట్టి, వేలితో తడుముకుని, "ముప్పై రెండు" అన్నాడు ధీమాగా.

"నేను ముప్పై రెండు ఉన్నది నీ పెళ్ళినాడు బావా."

బావ టేపు వదల్లేదు. అలాగే ఆయన నడుము పట్టుకుని తల వంచుకున్నాడు. "చెప్పేసిందా?" అన్నాడు.

"ఎవరు? ఏమిటి? నా పొట్ట నాకు తెలియదూ" అన్నారు కవిగారు. అబద్ధమాడటం అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి. అవి బావకు కనబడలేదు కాబట్టి సరిపోయింది. "కళ్ళు చూపించుకుందాం పద. మా దుకాణంలో కాదు, ఊరి చివర పెద్ద కంటాసుపత్రి ఉంది. అక్కడ మన చర్చివాళ్ళెవరూ తగలరు."

"పాట?"

"పాటేమిటి?"

"నాకు నువ్వు కొత్తా బావా? చేత్తో చేసినదాన్ని నోట్లో పెట్టుకుని ఉంచలేవు నువ్వు. స్కూలువాళ్ళు కొత్త యూనిఫాంలు ఎవరికివ్వాలో ఈ నెలలోనే తేలుస్తారు. పిల్లల తల్లిదండ్రులంతా చర్చిలోనే ఉంటారు. ఒక్కడి చెవిన పడిందంటే నా షాపు మూసుకోవడమే."

"రాయను. రాస్తే నువ్వు బాణీ కట్టకు."

ఆ మాటతో దర్జీ కాస్త మెత్తబడ్డాడు. బాణీ లేని పాట కవిగారికి గుండీల్లేని చొక్కాయేనని ఆయనకు తెలుసు.

ఆ మీద కవిగారి దినచర్య మారిపోయింది. మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి దర్జీ షాపులో తేలేవారు. బావ టేపు పెడితే ఈయన అంకెలు పైకి చదివేవారు. బావ సుద్దతో గీస్తే గీత ఎటు పోతోందో ఈయన చెప్పేవారు. ఎవరైనా బేరం వస్తే, బొత్తాల డబ్బా ముందేసుకుని తీరిక లేనట్టు రంగులు వేరుచేస్తూ కూర్చునేవారు. ఇంటికి వెళ్ళేసరికి చొక్కా నిండా దారపు పోగులు అంటుకుని ఉండేవి. భార్య అవి ఏరుతూ, "ఎక్కడికెళ్ళారండీ?" అంది.

"ఎక్కడికీ లేదు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. పెళ్ళయిన నాటినుంచి ఈయన ఎవరికైనా మంచినీళ్ళిచ్చినా, ఇచ్చిన గ్లాసు ఎంత పొడుగో కూడా ఇంటికొచ్చి చెప్పిన మనిషి. అలాంటివాడు ఎక్కడికీ లేదు అన్నాడంటే ఏదో పెద్ద విషయమే. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ రోజునుంచి ఆయనకు టీ అడక్కుండానే రెండోసారి కూడా దొరికేది.

ఆసుపత్రిలో చూసి కంటికి శుక్లం పట్టిందన్నారు. చిన్న ఆపరేషను, సాయంత్రానికి ఇంటికి పోవచ్చన్నారు. సూది పేరు చెబితేనే ముఖం పాలిపోయే దర్జీని కవిగారు ఆ వరండాలో పట్టుకుని కూర్చున్నారు. రోజంతా సూదులతో బతికేవాడికి సూదంటే భయమేమిటని ఆటపట్టించారు. "నేను గుచ్చుతాను, గుచ్చించుకోను" అన్నాడు బావ పళ్ళ బిగువున. నర్సు వచ్చి లోపలికి పిలిచేసరికి ఆయన కవిగారి చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఆ వేళ్ళ గుర్తులు భోజనాల వేళకు కూడా పోలేదు.

సాయంత్రం ఒక కంటికి కట్టుతో బావ బయటికొచ్చాడు. కవిగారి భుజం మీద చెయ్యి వేసి, ఆ పొడుగాటి వరండాలో అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. సరిగ్గా అక్కడే పాట వచ్చేసింది.

రాకూడని చోట, రాకూడని వేళ వచ్చింది. పల్లవి తనంతట తానే నడుచుకుంటూ వచ్చింది. చరణాలు దాని వెనకే చేతులు పట్టుకుని వచ్చాయి. ఒక్క మాట కూడా మార్చే పని లేదు. మూడేళ్ళ పిల్ల దగ్గరనుంచి ముసలివాళ్ళ దాకా పాడుకోవచ్చు. అందులో ఉల్లిపాయలు లేవు, ఎక్కిళ్ళు లేవు. ఇన్నేళ్ళుగా తాను రాసినవన్నీ దీనికోసం చేసిన సాధనేమో అనిపించింది ఆయనకు. చివరి పేజీలో ఉండవలసిన పాట అదే. ఆ పాట ఏమిటో ఇక్కడ చెప్పడం కుదరదు, ఎందుకంటే ఆయన ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ తరవాత ఆయన పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. అన్నం కలుపుతుంటే పల్లవి వచ్చేది. ఎవరి కళ్ళకో అద్దాలు పెట్టి అక్షరాలు చదవమంటే, వాళ్ళు చదివేది పోయి రెండో చరణం వినబడేది. పోనీ మనిషిని మార్చేసి రాద్దామా అనుకున్నారు. దర్జీని తీసేసి చెప్పులు కుట్టేవాణ్ణి పెట్టారు, కళ్ళు తీసేసి చెవులు పెట్టారు. అప్పుడు పాట మొత్తం చచ్చిపడింది. కాగితం ముందేసుకుని కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసి, చివరికి ఆ కలంతో కరెంటు బిల్లు మీద తారీఖు వేసి లేచిపోయారు.

కట్టు విప్పాక దర్జీకి నల్లద్దాలు ఇచ్చారు. అడిగినవాళ్ళందరికీ కళ్ళకలక అని చెప్పాడు. దాంతో జనం దగ్గరికి రావడమే మానేశారు, అదీ ఒకందుకు మంచిదయింది. అబద్ధం చెప్పింది దర్జీయే, కవిగారు పక్కన నిలబడి తలూపారంతే. స్కూలువాళ్ళు వచ్చి నమూనా చొక్కా పట్టుకెళ్ళారు. దాని కాలరు నిటారుగా ఉంది, గుండీలు కాజాల్లోకి ముద్దుగా దూరాయి.

ఆ సాయంత్రం ఇద్దరూ షాపులో కూర్చున్నప్పుడు బావ అన్నాడు: "నీకు పాట వచ్చింది కదూ."

"ఎవరన్నారు?"

"ఇప్పుడు నాకు ముఖాలు కనబడుతున్నాయి. నీది పాట వచ్చి కక్కలేని ముఖం." చేతిలో సుద్ద పక్కన పెట్టి, "రాసేసుకో బావా. ఇంత చేశావు. ఆ చివరి పేజీ అంటే నీకెంత ఆశో నాకు తెలియదా? నాదేముంది, జనం నాలుగు రోజులు అనుకుంటారు, మరిచిపోతారు" అన్నాడు.

అంటూ అంటూనే ఆయన చెయ్యి పైకి వెళ్ళి నల్లద్దాలు సరిచేసుకుంది. అవి సరిగ్గానే ఉన్నాయి. కవిగారు ఆ చేతిని చూశారు. గౌను వెనక్కి పోయే చెయ్యి ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు కానీ, ఇలాగే ఉంటుందనిపించింది.

"రాలేదు బావా. నిజంగా. ఈ ఏడు ఏమీ రాలేదు" అన్నారు.

శనివారం సాయంత్రం చర్చి హాల్లో పిల్లలకు ఆఖరి రిహార్సలు. టీచరమ్మ పుస్తకాల కట్టతో ఎదురుచూస్తోంది. పిల్లలు మెట్ల బెంచీల మీద పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక నిలబడి ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. హాలు అవతలి చివర కీబోర్డు దగ్గర దర్జీ నల్లద్దాలతో కూర్చున్నాడు. కవిగారు గుమ్మంలోంచి రాగానే అందరూ ఆయన చేతులవైపు చూశారు. ఏటా ఆ చేతుల్లో ఒక కాగితం ఉండేది.

"పాట రాలేదమ్మా" అన్నారాయన టీచరమ్మతో, గొంతు తగ్గించి. హాలు పెద్దది కావడంతో తగ్గించిన గొంతు కూడా అందరికీ వినబడింది.

"రాకపోవడమేమిటండీ? రేపే కదా" అంది ఆవిడ నమ్మలేనట్టు. "పోనీ పల్లవి అయినా ఇవ్వండి, మిగతాది సోమవారం రాసుకుందురు గాని."

"పల్లవి కూడా లేదు."

టీచరమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. పుస్తకం ఆపలేదు. చివరికి ఇబ్బందిగా, ఈ మధ్య చర్చికి వస్తున్న టైపిస్టు కుర్రవాడు సీతాకోకచిలుకల మీద ఏదో రాసిచ్చాడని, ఆ పేజీలో దాన్ని వేసేస్తానని అంది. చాలా బాగుంటుంది వెయ్యండి అన్నారు కవిగారు. ఆ పాట ఆయన చదివారు. అందులో సీతాకోకచిలుకలు తప్ప ఇంకేమీ లేవు.

ఇంతలో ముందువరసలోంచి పళ్ళూడిన పిల్ల ఒకతె చెయ్యి ఎత్తింది. దానికి సండేస్కూల్లో నేర్పినవన్నీ ఒప్పజెప్పడం అలవాటు. చేసినదాని గురించే కవి తాతగారు పాట రాస్తారని టీచరమ్మే నేర్పింది.

"తాతగారూ, అయితే మీరు ఈ ఏడు ఎవరికీ ఏ సాయమూ చెయ్యలేదా?"

టీచరమ్మ పిల్లను కళ్ళతోనే గదమాయించింది. పిల్లలందరూ ఆయనవైపే చూస్తున్నారు. వాళ్ళ తల్లులు కొందరు గోడవార కుర్చీల్లో ఉన్నారు, ఉల్లిపాయల మామ్మ కూడా ఉంది. కవిగారికి ముఖం వేడెక్కింది. దయ మీద తప్ప ఇంకేమీ రాయని మనిషిని దయ లేదా అని అడిగారు. జవాబు నాలుక చివరనే ఉంది, రెండు చరణాలతో సహా.

అవతలి చివర కుర్చీ కిర్రుమంది. దర్జీ లేచి నిలబడుతున్నాడు. నల్లద్దాలు తీసేశాడు, నోరు తెరిచాడు. కవిగారు పిల్లల తలల మీదుగా అంత దూరంనుంచి ఒక్క చూపు చూశారు. కూర్చో అన్న చూపు. చిన్నప్పుడు బెంచీ మీద మాస్టారికి నిజం చెప్పెయ్యబోతున్న వాణ్ణి ఆపిన చూపే. దర్జీకి అది స్పష్టంగా కనబడింది. అద్దాలు మళ్ళీ పెట్టుకుని కూర్చున్నాడు.

"లేదమ్మా" అన్నారు కవిగారు పిల్లతో. "ఈ ఏడు ఎవరికీ చెయ్యలేదు."

దర్జీ వెంటనే కీబోర్డు మీద చేతులేసి, మామూలుకంటే గట్టిగా పాత పాట ఒకటి ఎత్తుకున్నాడు. పిల్లలు కంగారుపడి అందుకున్నారు. కవిగారు వెళ్ళి ఆఖరి బెంచీలో, స్తంభం పక్కన కూర్చున్నారు.

మధ్యలో పిల్లలకు తలో బిస్కెట్టు ఇచ్చి వదిలారు. అందరూ బయటికి పరుగెత్తారు. పళ్ళూడిన పిల్ల మాత్రం బెంచీల మధ్యనుంచి ఆఖరి వరసకు వచ్చింది. ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. అడగకూడనిది అడిగానని దానికెవరో చెప్పినట్టున్నారు. బిస్కెట్టును రెండుగా విరిచింది. ఏది పెద్దదో పోల్చి చూసుకుంది. కొంచెం బాధపడి, పెద్ద ముక్క ఆయన చేతిలో పెట్టింది.

"తినండి తాతగారూ. ఫర్వాలేదు, వచ్చే ఏడు చేద్దురు గాని."

"అలాగేనమ్మా" అన్నారాయన.

ఆ పిల్ల అటూ ఇటూ చూసి, ఆయన చెవి దగ్గరికి వంగింది. "మీకు బిస్కెట్టిచ్చానని నేనెవరికీ చెప్పన్లెండి" అని, బయటికి పరుగెత్తింది.

కవిగారు ఆ ముక్క పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఎంతోమందికి ఎన్నో చేశారు. ఏ ఒక్కరికి చేసినప్పుడూ ఈ మాట అనాలని తోచలేదు. అని ఉంటే వాళ్ళ ప్రాణం ఎంత తెరిపిన పడేదో ఇప్పుడు ఆయన ప్రాణానికి తెలిసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. స్తంభం వైపుకి తిరిగి, ఎవరూ చూడకుండా ఆ బిస్కెట్టు తిన్నారు.